జీతం సరే... సరుకు ఎవరు కొంటున్నారు?

మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి. తెల్లవారకముందే ఈ రెండు దారుల్లో కంపెనీ బస్సుల వరుస మొదలవుతుంది. టీకాలు, ఇంజెక్షన్లు, విటమిన్ మాత్రలు, ప్రొటీన్ పొడులు... ఇలా నోట్లో వేసుకునేవీ, ఒంట్లోకి ఎక్కించుకునేవీ ఎన్నో ఇక్కడి ప్లాంట్లలో తయారవుతాయి. బీఫార్మసీ, ఎమ్మెస్సీ, డిప్లొమా, ఐటీఐ చేసిన చాలామందికి మొదటి ఉద్యోగం దొరికే చోటు ఇది.

వాకిన్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మనం ఏమడుగుతాం? జీతం ఎంత, బస్సు మా ఊరి దాకా వస్తుందా, షిఫ్టులు ఎన్ని, పీఎఫ్ ఉందా. అడగాల్సినవే. కానీ ఇంకో రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు. ఈ కంపెనీ సరుకు ఎవరు కొంటున్నారు? దానికి ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోంది?

అవి యజమాని చూసుకునే విషయాలు, మనకెందుకు అనుకుంటాం. అయితే పెద్ద ఆర్డరు పోయిన రోజున సాధారణంగా ముందు ఆగేది రాత్రి షిఫ్టు. ఆ తర్వాత కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. ఆ వెనకే ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు. కొత్తగా చేరిన కుర్రాళ్లూ అమ్మాయిలూ ఎక్కువగా ఉండేది ఈ వరుసల్లోనే. అందుకే ఆ రెండు ప్రశ్నలూ మీవే.

ఊళ్లో పాలకేంద్రం ఒక్కటే ఉంటే

నాలుగు గేదెలున్న రైతు పాలన్నీ ఒకే కేంద్రానికి పోస్తున్నాడనుకోండి. రోజూ వెతుక్కునే పని లేదు, లెక్క తేలిక, డబ్బు ఒక్కచోటి నుంచే వస్తుంది. ఆ కేంద్రం ఒక్క వారం మూతపడితే? గేదె పాలివ్వడం ఆపదు, దాణా ఖర్చు ఆగదు. పాలు మాత్రం పోయడానికి చోటుండదు. వ్యాపార భాషలో దీన్ని కస్టమర్ కాన్సంట్రేషన్ అంటారు. అమ్మకాల్లో ఎక్కువ భాగం ఒకరిద్దరు కొనుగోలుదారుల మీదే ఆధారపడటం అన్నమాట.

దాణా కూడా ఒకే కొట్టు నుంచి వస్తుంటే అది రెండో చిక్కు. దాన్ని సరఫరా గొలుసు రిస్కు అంటారు.

సప్లిమెంట్లు తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లలో ఈ రెండూ తరచూ కలిసే ఉంటాయి. కారణం ఆ వ్యాపారం నడిచే తీరే. మందుల షాపులో, జిమ్‌లో, ఆన్‌లైన్‌లో మీరు చూసే విటమిన్ డబ్బాల్లో చాలావాటిని ఆ బ్రాండు యజమాని తయారుచేయడు. థర్డ్ పార్టీ తయారీదారు చేసి, బ్రాండు లేబుల్ అంటించి ఇస్తాడు. ఒక పెద్ద బ్రాండు దొరికితే లైన్లన్నీ నిండిపోతాయి. కొత్త మెషీన్లు కొంటారు, బ్యాంకులో అప్పు తీసుకుంటారు, మనుషుల్ని తీసుకుంటారు. బయటి నుంచి చూస్తే కంపెనీ దూసుకెళ్తున్నట్టే ఉంటుంది.

ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. ఏడాదికి 10 కోట్ల రూపాయల అమ్మకాలున్న యూనిట్. ముడిసరుకు, ప్యాకింగ్ వంటివి అమ్మకాల్లో 60 శాతం, అంటే 6 కోట్లు. అద్దె, జీతాలు, కరెంటు, బ్యాంకు వాయిదాల వంటి కదలని ఖర్చులు 3 కోట్లు. మిగిలే లాభం కోటి. బాగానే ఉంది కదా.

ఇప్పుడు ఆ 10 కోట్లలో 7 కోట్లు ఒక్క బ్రాండుదే అనుకోండి. ఆ బ్రాండు వేరే తయారీదారు దగ్గరికి వెళ్లిపోయింది. మిగిలిన అమ్మకాలు 3 కోట్లు. అందులో ముడిసరుకు పోను చేతికొచ్చేది కోటి 20 లక్షలు. కదలని ఖర్చులు మాత్రం 3 కోట్లే. కోటి లాభం పోయి కోటి 80 లక్షల నష్టం వచ్చి కూర్చుంది.

అదే 10 కోట్లు అయిదుగురు కస్టమర్ల నుంచి తలా 2 కోట్లుగా వస్తూ, వాళ్లలో ఒకరు పోయారనుకోండి. అమ్మకాలు 8 కోట్లు. ముడిసరుకు పోను 3 కోట్ల 20 లక్షలు. ఖర్చులు తీసేస్తే ఇంకా 20 లక్షలు మిగులుతాయి. దెబ్బ గట్టిదే, కానీ రాత్రి షిఫ్టు ఆపాల్సినంత కాకపోవచ్చు. రెండు యూనిట్ల టర్నోవరూ ఒకటే, మెషీన్లూ ఒకటే. వాటిలో చేసే ఉద్యోగాల భద్రత మాత్రం ఒకటి కాదు.

మేడ్చల్‌లో 2010లో ఏం జరిగింది?

చిన్న సప్లిమెంట్ యూనిట్‌లో ఆర్డరు పోతే పత్రికల్లో రాదు. అందుకే రికార్డుల్లో ఉన్న పెద్ద ఉదాహరణ ఒకటి చూద్దాం. అదీ మేడ్చల్‌లోనే జరిగింది. సరుకు టీకా అయినా చిక్కు ఇదే.

ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు అయిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో ఆ కంపెనీ తెచ్చిన శాన్‌వ్యాక్-బి మన దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా. దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో ధరను నేలకు దించిన కంపెనీగా దానికి పేరొచ్చింది. మేడ్చల్ దగ్గర దాని ప్లాంటు. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ దీన్ని చేజిక్కించుకుంది. ఆ ఒప్పందంలో శాంతాకు కట్టిన విలువ సుమారు 55 కోట్ల యూరోలు.

అప్పటికి కంపెనీ చేతిలో ఉన్న ముఖ్యమైన సరుకు శాన్-5. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్... ఈ అయిదింటి నుంచి పిల్లల్ని కాపాడే పెంటావలెంట్ టీకా. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీ క్వాలిఫికేషన్ దక్కింది. 2010 నుంచి 2012 వరకు సరఫరా చేయడానికి యునిసెఫ్ నుంచి 34 కోట్ల డాలర్ల ఆర్డరు వచ్చింది. అప్పటి మారకం ప్రకారం 1,500 కోట్ల రూపాయలకు పైమాటే. ఉద్యోగి అయినా, పెట్టుబడిదారు అయినా ఇంతకంటే భరోసా ఏం కోరుకుంటాడు?

2010లో కొన్ని వయల్స్ లోపలి గోడలకు తెల్లటి పదార్థం అంటుకుని కనిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. పిల్లలకు హాని జరిగిందని తేలలేదు. అయినా టీకా విషయంలో అనుమానం వస్తే ఆపడమే పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ శాన్-5ను తన జాబితాలోంచి తీసేసింది. ఆ జాబితాలో లేని టీకాను యునిసెఫ్ కొనదు. అలా మూడేళ్ల ఆర్డరు చేజారింది. టీకాను సరిదిద్ది, పరీక్షలు చేసి, మళ్లీ ఆ జాబితాలోకి ఎక్కేసరికి 2014 వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. నాణ్యతలో తేడా ఏ కంపెనీకైనా రావచ్చు. మరి ఒక్క తేడా అంత పెద్ద దెబ్బ ఎందుకైంది? సరుకు అమ్ముకోవడానికి ఇంకో పెద్ద తలుపు లేదు. 2010 నాటికి మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో పెంటావలెంట్ లేదు. 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళల్లో మొదలై మిగతా రాష్ట్రాలకు తర్వాత వచ్చింది. అంటే సొంత దేశంలో పెద్ద మార్కెట్ అప్పటికి తెరుచుకోనే లేదు. పేద దేశాల కోసం గావి నిధులు ఇస్తుంది, యునిసెఫ్ కొంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర ఉంటేనే కొంటుంది. దేశాలు ఎన్ని ఉన్నా వెళ్లాల్సిన గేటు ఒకటే. ఆ గేటు మూతపడితే అన్ని దేశాలూ ఒకేసారి పోతాయి.

కాబట్టి కస్టమర్లను లెక్కపెట్టేటప్పుడు పేర్లు లెక్కపెడితే చాలదు. వాళ్లందరూ ఒకే అనుమతి మీద కొంటున్నారా అనేదీ చూడాలి. ఇరవై దేశాలకు ఎగుమతి అని బోర్డు మీద రాసుకున్న కంపెనీకి నిజానికి ఒకే కస్టమర్ ఉండొచ్చు.

ఇంకోమాట. శాంతా వెనక సనోఫీ లాంటి పెద్ద సంస్థ ఉంది. నాలుగేళ్లు సరిదిద్దుకునే స్తోమత దానికుంది. పది కోట్ల టర్నోవరు ఉన్న సప్లిమెంట్ యూనిట్‌కు నాలుగు నెలలు కూడా కష్టమే.

శామీర్‌పేటలో కొవిడ్ నేర్పిన పాఠం

శామీర్‌పేట మండలం తుర్కపల్లి ప్రాంతంలోని జీనోమ్ వ్యాలీకి 1999లో బీజం పడింది. భారత్ బయోటెక్ ఇక్కడిదే. బయలాజికల్-ఇ ప్లాంటు కొల్తూరులో ఉంది. కొవిడ్ కాలంలో ప్రపంచం ఈ ఊళ్ల వైపు చూసింది. ఆ తర్వాత ఏమైందో కూడా గుర్తుపెట్టుకోవాలి.

2021 ఫిబ్రవరిలో బ్రెజిల్ ప్రభుత్వం 2 కోట్ల డోసుల కొవాగ్జిన్‌కు ఒప్పందం కుదుర్చుకుంది. అక్కడ రాజకీయ దుమారం రేగడంతో జూన్‌లోనే దాన్ని పక్కనపెట్టారు. 2021 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలోకి కొవాగ్జిన్ ఎక్కింది. 2022 మార్చిలో ఆ సంస్థ ప్లాంటును తనిఖీ చేసింది. ఏప్రిల్ 2న, ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా జరిగే సరఫరాను నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. తయారీ ప్రమాణాల్లో గుర్తించిన లోపాలు సరిదిద్దాలని చెప్పింది. టీకా భద్రత, సామర్థ్యాల మీద తన అంచనా మారలేదని కూడా చెప్పింది. అంతకు ఒకరోజు ముందే, ఒప్పుకున్న సరఫరాలు పూర్తయ్యాయి, డిమాండ్ తగ్గింది కాబట్టి ఉత్పత్తి నెమ్మదింపజేస్తున్నామని కంపెనీ ప్రకటించింది.

ఆర్డర్లు ఉప్పెనలా వచ్చాయి, ఉప్పెనలాగే వెనక్కి వెళ్లాయి. భారత్ బయోటెక్‌కు రోటావైరస్, టైఫాయిడ్, రేబిస్ వంటి ఇతర టీకాలున్నాయి. కొవిడ్ కోసం మార్చిన చోట్లను మళ్లీ వాటికి తిప్పుకునే వీలుంది. ఒక్క సరుకు, ఒక్క కొనుగోలుదారు ఉన్న కంపెనీకి ఆ వెసులుబాటు ఉండదు.

అలాగని పెద్ద కస్టమర్ అంటే భయపడాల్సిన పని లేదు. 2021 జూన్‌లో కేంద్రం బయలాజికల్-ఇ దగ్గర 30 కోట్ల డోసులు ముందే ఖాయం చేసుకుని 1,500 కోట్ల రూపాయలు అడ్వాన్సు ఇచ్చింది. కార్బెవాక్స్ తయారీకి అది ఊతం. ఒక పెద్ద కొనుగోలుదారు ముందుకొస్తేనే కొన్ని కంపెనీలు మొదటి మెట్టు ఎక్కగలుగుతాయి. ఎక్కిన తర్వాత రెండో కస్టమర్ కోసం, రెండో సరుకు కోసం ఆ డబ్బునూ సమయాన్నీ వాడుకున్నారా లేదా అన్నదే మనం చూడాల్సింది.

ఇంకో రకం కంపెనీ కూడా ఇదే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. నాచారంలోని తెలంగాణ ఫుడ్స్. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం అక్కడే తయారవుతుంది. ప్రభుత్వ సంస్థే తయారుచేస్తుంది, ప్రభుత్వ పథకమే కొంటుంది. కస్టమరూ యజమానీ దాదాపు ఒకరే అయినప్పుడు రిస్కు లెక్క వేరు. ఆ కస్టమరు వేరే బ్రాండుకు పారిపోడు. బదులుగా బడ్జెట్ కేటాయింపులు, పథకంలో మార్పులు అక్కడ చూసుకోవాల్సినవి.

ముడిసరుకు వైపు కూడా ఒకే గేటు

ఇప్పుడు గొలుసు రెండో చివరకు వద్దాం. 2024 జులై 29న జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగింది. దాని దెబ్బకు విటమిన్-ఎ, విటమిన్-ఇ, కెరొటినాయిడ్ల ఉత్పత్తి ఆగింది. ఆగస్టులో కంపెనీ ఫోర్స్ మేజర్ ప్రకటించింది. అంటే మా చేతుల్లో లేని కారణంతో ఒప్పుకున్న సరుకు ఇవ్వలేమని కొనుగోలుదారులకు చెప్పేసింది. ప్రపంచంలో విటమిన్-ఎ తయారుచేసే పెద్ద కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి ఆగితే ధర ప్రపంచమంతా ఎగబాకుతుంది. 2017 అక్టోబరు చివర్లో ఇదే కంపెనీలో ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడూ అదే అయింది.

ఆ మంటకూ మేడ్చల్‌కూ ఏం సంబంధం? మల్టీవిటమిన్ మాత్రలో ఇరవై పదార్థాలుంటే, ఒక్కటి రాకపోయినా బ్యాచ్ కదలదు. పందొమ్మిది డ్రమ్ములు గోదాములో ఉన్నా ఇరవయ్యోది వచ్చేదాకా లైన్ ఖాళీ. ఇందాకటి లెక్కనే తీసుకోండి. ముడిసరుకు ఖర్చు 6 కోట్లు 15 శాతం పెరిగితే అదనంగా 90 లక్షలు. కోటి లాభంలో మిగిలేది 10 లక్షలు. కస్టమర్లు అందరూ అలాగే ఉన్నారు, ఒక్క ఆర్డరూ పోలేదు. అయినా లాభం ఆవిరైపోయింది.

ధర పెంచొచ్చు కదా అంటారా? అక్కడే రెండు చిక్కులూ ముడిపడతాయి. అయిదుగురు కస్టమర్లున్నవాడు ధర గురించి మాట్లాడగలడు. అమ్మకాల్లో 70 శాతం ఒకరిదే అయితే ఆ ఒక్కరి ముందు గొంతు పెగలదు. ఏడాదికి ధర ఖాయం చేసుకున్న ఒప్పందం ఉంటే అసలు నోరెత్తే వీలే ఉండదు. ఇంకొంచెం లోతుకు వెళ్తే, ఏ సరఫరాదారు దగ్గర కొనాలో కూడా చాలాసార్లు బ్రాండే చెబుతుంది. ఆమోదించిన సరఫరాదారుల జాబితా ఒకటుంటుంది. అందులో లేనివాడి దగ్గర చౌకగా దొరుకుతోందని కొనేయడానికి లేదు. నమూనాలు పరీక్షించాలి, సరఫరాదారును ఆడిట్ చేయాలి, కొత్త సరుకుతో చేసిన మాత్ర గడువు తేదీ దాకా లేబుల్ మీద రాసినంత బలంతో ఉంటుందో లేదో చూడాలి. ఇదంతా నెలల పని. మంట జర్మనీలో అంటుకున్న తర్వాత మొదలుపెడితే ఆలస్యమే.

మన జిల్లాలోనే దుండిగల్‌లో ఉన్న గ్లాండ్ ఫార్మా మరో ఉదాహరణ. 2020 నవంబరులో ఐపీవోకు వచ్చినప్పుడు, తన ఆదాయంలో దాదాపు సగం అయిదుగురు పెద్ద కస్టమర్ల నుంచే వస్తోందని ఆ పత్రంలో తనే చెప్పింది. దాని ముఖ్యమైన ఉత్పత్తుల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఒకటి. ఈ పదార్థాన్ని పందుల పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. ప్రపంచానికి దీని ముడిసరుకు ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. 2008లో చైనా నుంచి వచ్చిన హెపారిన్‌లో కల్తీ బయటపడి అమెరికాలో మందును వెనక్కి పిలిచారు. 2018లో చైనా పందుల మందల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదలైనప్పుడు హెపారిన్ వాడే దేశాలన్నీ కంగారుపడ్డాయి. ఎక్కడో పందులకు వచ్చిన జబ్బు ఇక్కడి ఇంజెక్షన్ వయల్ దాకా ఎలా ప్రయాణిస్తుందో చూడండి.

దీనికి విరుగుడు కూడా మన దగ్గరే కనిపిస్తుంది. కొవాగ్జిన్‌లో రోగనిరోధక స్పందన పెంచడానికి వాడే ఒక ముఖ్య పదార్థం తొలుత అమెరికాలోని వైరోవాక్స్ సంస్థ కనిపెట్టింది. దాన్ని ఇక్కడే పెద్ద మొత్తంలో తయారుచేసుకోవడానికి భారత్ బయోటెక్ తార్నాకలోని ఐఐసీటీ సాయం తీసుకుంది. హైదరాబాద్‌కే చెందిన సపాల ఆర్గానిక్స్ కూడా దాని తయారీలో పాలుపంచుకుంది. అవసరమైన పదార్థానికి ఇంటి దగ్గర దారి వేసుకోవడం అంటే ఇదే.

కొనేవాడికీ ఇదే కష్టం

ఒక్కరి మీద ఆధారపడితే అమ్మేవాడికే నష్టం అనుకోవద్దు. మేడ్చల్‌లో పుట్టిన శాంతా కంపెనీయే శాంకోల్ అనే నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా తయారుచేసేది. దాని ఉత్పత్తి ఆపేస్తున్నట్టు 2022లో వార్త బయటికొచ్చింది. అప్పటికి ప్రపంచ నిల్వలకు ఇలాంటి టీకా ఇచ్చే మరో సంస్థ దక్షిణ కొరియాలోని యూబయాలజిక్స్ మాత్రమే. అదే ఏడాది చాలా దేశాల్లో కలరా విజృంభించింది. టీకా చాలక, 2022 అక్టోబరులో రెండు డోసుల బదులు ఒక్క డోసుతో సరిపెట్టాలని నిర్ణయించాల్సి వచ్చింది.

ఆ ఖాళీలోకి మళ్లీ శామీర్‌పేట కంపెనీలే అడుగుపెట్టాయి. 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ హిల్‌కోల్ అనే కలరా టీకాను విడుదల చేసింది. హైదరాబాద్, భువనేశ్వర్ ప్లాంట్లు కలిపి ఏడాదికి 20 కోట్ల డోసుల దాకా చేయగల సామర్థ్యం ఉందని చెప్పింది. ఒక సరఫరాదారు తప్పుకున్న చోట ఇంకొకరికి ఉద్యోగాలు పుట్టాయి. సరఫరా గొలుసు అర్థమైనవాళ్లకు అవకాశం ఎటు నుంచి వస్తుందో కూడా ముందే కనిపిస్తుంది.

దేశం కూడా ఒక కస్టమరే

ఎగుమతులన్నీ ఒకే దేశానికి వెళ్తుంటే అదీ కాన్సంట్రేషనే. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మందులకు మినహాయింపు ఇచ్చింది. అయితే సప్లిమెంట్ చట్టం దృష్టిలో మందు కాదు, ఆహారం. ఏ ఉత్పత్తి ఏ కస్టమ్స్ కోడ్ కింద వెళ్తుందన్న దాన్నిబట్టి ఒకదానికి సుంకం పడుతుంది, ఇంకోదానికి పడదు. ఒకే ప్లాంటులో పక్కపక్క లైన్ల భవితవ్యం వేర్వేరుగా ఉండొచ్చు. అలాంటి సుంకాలు రేపు తగ్గినా, మళ్లీ పెరిగినా ఈ తేడా మాత్రం ఉంటుంది.

చేరేముందు ఎలా తెలుసుకోవాలి?

ఇదంతా కంపెనీ రహస్యం, మాకెవరు చెబుతారు అనుకోకండి. చాలావరకు బహిరంగంగానే ఉంటుంది.

లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక తెరవండి. ఒక్క కస్టమర్ నుంచే 10 శాతం లేదా అంతకు మించి ఆదాయం వస్తుంటే ఆ సంగతి చెప్పాలని ఇండ్-ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం అంటుంది. పేరు చెప్పకపోవచ్చు, లెక్క మాత్రం చెప్పాలి. ‘సెగ్మెంట్’ అనే మాటతో వెతికితే ఆ నోట్ దొరుకుతుంది. ఐపీవోకు వచ్చిన కంపెనీ అయితే ప్రాస్పెక్టస్‌లో రిస్కుల అధ్యాయం చదవండి.

లిస్టింగ్ లేని చిన్న కంపెనీ అయితే? బ్యాంకు అప్పు ఉన్న చాలా కంపెనీలకు క్రిసిల్, ఇక్రా, కేర్, ఇండియా రేటింగ్స్ వంటి సంస్థలు రేటింగ్ ఇస్తాయి. ఆ రేటింగ్ ఎందుకిచ్చారో వివరించే రెండు మూడు పేజీలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. బలాలు, బలహీనతలు అని విడిగా రాస్తారు. కస్టమర్ కాన్సంట్రేషన్ ఉంటే సాధారణంగా బలహీనతల కింద కనిపిస్తుంది.

సప్లిమెంట్ యూనిట్ అయితే డబ్బా వెనక్కి తిప్పి చూడండి. తయారుచేసింది ఎవరు, మార్కెటింగ్ ఎవరు అని విడివిడిగా ఉంటుంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉంటుంది. మీరు చేరబోయే కంపెనీ పేరు ఎన్ని బ్రాండ్ల డబ్బాల మీద ఉందో మందుల షాపులో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు కదా. అప్పుడు మర్యాదగా అడగొచ్చు: ‘సార్, మన సరుకు ఎన్ని కంపెనీలకు వెళ్తుంది? ఏటా ఎంతమంది కస్టమర్లు ఆడిట్‌కు వస్తారు? ముఖ్యమైన ముడిసరుకులకు రెండో సరఫరాదారు ఉన్నారా?’ ఈ ప్రశ్న విని ఎవరూ కోప్పడరు. పైగా కుర్రాడికి వ్యాపారం అర్థమవుతోందని అనుకుంటారు. జవాబు తడబడితే అదీ ఒక జవాబే.

ఒక్క కస్టమర్ ఉన్న కంపెనీలో చేరొద్దని దీని అర్థం కాదు. మొదటి ఉద్యోగం అవసరం అందరికీ ఉంటుంది. తెలిసి చేరడం వేరు, తెలియక చేరడం వేరు. తెలిసి చేరినవాళ్లు ఆర్నెల్ల ఖర్చుకు డబ్బు పక్కన పెట్టుకుంటారు. జీతం పెరిగిందని వెంటనే బండి వాయిదా నెత్తిన వేసుకోరు. శిక్షణ రికార్డులు, జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ భద్రంగా ఉంచుకుంటారు. కాంట్రాక్టరు కింద ఉన్నా యూఏఎన్ నంబరులో ప్రతినెలా పీఎఫ్ పడుతోందో లేదో చూసుకుంటారు.

పని నేర్చుకునేటప్పుడు కూడా ఆలోచించండి. ఒకే మెషీన్ నడపడం వచ్చినవాడి నైపుణ్యం ఆ లైన్‌తో ముడిపడి ఉంటుంది. సరఫరాదారుల ఆడిట్, చేంజ్ కంట్రోల్, స్టెబిలిటీ పరీక్షలు, జీఎంపీ డాక్యుమెంటేషన్, రెగ్యులేటరీ వ్యవహారాలు తెలిసినవాళ్లు టీకాలు, మందులు, సప్లిమెంట్లు ఏ ప్లాంటుకైనా కావాలి. కొత్త సరఫరాదారును తెచ్చుకునే పనీ, ఆగిన అనుమతిని మళ్లీ తెచ్చుకునే పనీ వీళ్ల మీదే నడుస్తాయి. చిక్కు వచ్చినప్పుడు కంపెనీ వెతికేది వీళ్లనే.

సొంత యూనిట్ పెట్టాలనుకునేవాళ్లకు

మీలో కొందరు నాలుగేళ్లు పనిచేసి సొంతంగా చిన్న యూనిట్ పెట్టాలని చూస్తుంటారు. మొదటి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు సంతకానికి ముందు మూడు సంగతులు చూసుకోండి. ముడిసరుకు ధర ఒక హద్దు దాటితే మన ధర కూడా మారేలా షరతు ఉందా? ఆర్డరు ఆపాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి? వాళ్ల పేరుతో అచ్చేయించిన లేబుళ్లు, డబ్బాలు మిగిలిపోతే డబ్బు ఎవరిది?

బాకీల సంగతి కూడా మరవకండి. పెద్ద కస్టమర్ 90 రోజులకు, 120 రోజులకు డబ్బిస్తానంటే కాదనలేక ఒప్పేసుకుంటారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా, గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే వడ్డీ కట్టాలి. ఉద్యమ్ నమోదు ముందే చేయించుకుని ఉంటే ఈ హక్కును గట్టిగా అడగొచ్చు. అయితే ఒక్కరే కస్టమర్ అయినప్పుడు చట్టం మన పక్షాన ఉన్నా ఫిర్యాదు చేయడానికి చెయ్యి రాదు. రెండో కస్టమర్ ఉన్న రోజునే ఆ ధైర్యం వస్తుంది.

అందుకే పెద్ద బ్రాండు ఇచ్చే పనిలో లాభం వచ్చిన తొలి ఏడాదే, చిన్నదైనా సరే, ఇంకో ఇద్దరి ఆర్డర్ల కోసం తిరగడం మొదలుపెట్టండి. ఆ ఆర్డర్లలో మిగిలేది తక్కువే కావచ్చు. బ్యాచ్‌లు చిన్నవి, లైన్ కడుక్కోవడానికే సగం పూట పోతుంది, మేనేజరు విసుక్కుంటాడు. అయినా మానొద్దు. 70 శాతం ఉన్న కస్టమర్ ఫోన్ ఎత్తడం మానేసిన నెలలో రాత్రి షిఫ్టుకు బస్సు నడిపేది ఆ చిన్న ఆర్డర్లే.